పదకొండో నంబరు అల్లుడు

మా పెద్దబావ హైదరాబాదులో ప్రొఫెసరు. దేంట్లో అని మాత్రం అడక్కండి, చెబుతాడు. లెక్కలో ఫిజిక్సో అయితే ఒక్క ముక్కలో తేలిపోను. ఈయన శాస్త్రం పేరు ‘వినియోగదారు కేంద్రిత సమాచార, కమ్యూనికేషన్ డిజైన్’. పెళ్లయిన కొత్తలో కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు షావుకారు, “అల్లుడుగారు ఏటి సేస్తారమ్మా?” అంటే, మా అమ్మ కాసేపు ఆలోచించి, “బోర్డులు రాస్తారు” అంది.

బావ నొచ్చుకున్నాడు. కొట్లో నిలబడే మొదలెట్టాడు. మనిషి ఒక వస్తువునో, కాగితాన్నో చూసి తికమకపడితే తప్పు మనిషిది కాదట, దాన్ని తయారుచేసినవాడిదట. జనాన్ని అడిగి, వాళ్లు వాడుతుంటే చూసి, దాన్ని సరిచేయడమే తన పనట. ఉదాహరణకి డబ్బాల మీద రాసిన 180, 240, 320 అంకెలు చూపించాడు. “ఇవి పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క కదా. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతోంది. కొనేవాళ్లు మోసపోరూ?”

“కొనీవోలు పప్పు సూసి కొంతారు బాబూ, అంకె సూసి కాదు” అన్నాడు షావుకారు. అని, “మా కొట్టుకీ ఒక బోర్డు రాసి ఎట్టండి” అని కూడా అన్నాడు.

ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అల్లుడు ఒకడుంటాడు. డాక్టరైతే పండక్కొచ్చి అందరి నాలుకలూ చూస్తాడు. ఇంజనీరైతే గోడ తట్టి పెదవి విరుస్తాడు. వాళ్లతో వేగొచ్చు. మా బావ తలుపులు చూస్తాడు. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా ఆయన 1988లో ఒక పుస్తకం రాశాడట, తోయాల్సిన తలుపుకి లాగే పిడి పెడితే జనం లాగక ఏం చేస్తారని. ఆ పుస్తకం మా బావకి గీత. టెక్కలిలో ఒక బ్యాంకు గాజు తలుపు ముందు చేరి, ఎంతమంది లాగుతున్నారో ఎంతమంది తోస్తున్నారో చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకుంటుంటే వాచ్‌మన్‌కి అనుమానం వచ్చింది. డబ్బు కట్టడానికి వెళ్లినవాణ్ని, చలానా వదిలేసి ఈయనకి జామీను ఉండాల్సి వచ్చింది. “ప్రొఫెసరుగారండీ” అన్నాను. “తలుపుల ప్రొఫెసరేటి?” అన్నాడు వాచ్‌మన్. అంత సూటిగా ఆ ఉద్యోగాన్ని ఇంకెవరూ వర్ణించలేదు.

‘తప్పు మనిషిది కాదు’ అనే సిద్ధాంతం ఇంట్లో ఎంత సుఖమో చెప్పలేను. సాంబారు ఒలికితే తప్పు గరిటెది. రైలు తప్పితే టైంటేబులుది. మా అప్ప పుట్టినరోజు మరిచిపోతే, “క్యాలెండర్లో ఆ గడి మరీ చిన్నది” అన్నాడు. అప్ప ఏమీ అనలేదు. ఆ ఏడాది క్యాలెండర్ని తీసుకెళ్లి ఆయన దిండు కింద పెట్టింది.

పెరట్లో కాళ్లు కడుక్కునేటప్పుడు కూడా పాఠమే. ఈమ్స్ దంపతులని అమెరికా డిజైనర్లు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారనీ, అందులో మన చెంబుని తెగ మెచ్చుకున్నారనీ, ఆ నివేదిక పుణ్యాన 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టిందనీ చెప్పాడు. మా అమ్మ చేతిలో చెంబుని తిప్పి తిప్పి చూసి, “అడుగున సొట్టుంది, సూసుండరు” అంది.

ఇవన్నీ భరించాను. మా అమ్మాయి శుభలేఖ మాత్రం మరిచిపోలేను. మామూలు శుభలేఖలో ముహూర్తం వెతుక్కోవాల్సి వస్తోందని, ఆయనే కొత్తగా తయారుచేశాడు. పసుపు లేదు, గణపతి లేడు. తెల్లకాగితం మీద పెద్ద మ్యాపు, రైలు స్టేషన్ నుంచి మండపం దాకా బాణాలు, పార్కింగుకి ఒక గుర్తు, భోజనాలకి ఒక గుర్తు. దారి ఒక్కరూ తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ మందసలో మా పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఫ్లాట్లు ఎంతకిస్తన్నారేటి?” అని అడిగాడు. పిలుపు అందలేదని ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నాతో మాట్లాడరు. కాగితం వాళ్ల ఇంట్లోనే ఉంది, రియల్ ఎస్టేట్ వాళ్లదనుకున్నారు.

అలాగని వదిలెయ్యలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరీ జీడీ తోటలన్నీ కూలిపోయి, కరెంటు లేక, ఫోన్లు పలక్క మేం చీకట్లో కూర్చుంటే, ఎలా వచ్చాడో, కొవ్వొత్తులూ బిస్కెట్లూ మోసుకుని దిగాడు. అమ్మకి కళ్లనీళ్లొచ్చాయి. దారులు తెరిపినపడ్డాక మాత్రం నన్ను వెంటబెట్టుకుని అక్కుపల్లి తీరానికి బయల్దేరాడు, పోర్టుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు జాలర్లకి అర్థమవుతున్నాయో లేదో కనుక్కోవాలని.

“తాతా, మూడో నంబరు ఎగరేశారంటే నీకేం అర్థమవుతుంది?”

“యేటకెల్లొద్దని.”

“పదో నంబరంటే?”

“ఇల్లొదిలీమని.”

“మరి మధ్యలో నాలుగు, అయిదు, ఆరు?”

“సముద్రాన్ని సూస్తే తెలీదేటి బాబూ?”

బావ ముఖం వాడిపోయింది. జనానికి అర్థమైపోతే ఈయన శాస్త్రానికి గిరాకీ ఏముంది? ఊరుకోలేక, పదకొండో నంబరు కూడా ఉందనీ, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోతే దాన్ని ఎగరేస్తారనీ వివరించాడు. తాత వల బాగుచేసుకుంటూనే, “ఈ కబురు మనకెలాగ తెలుస్తాది, అన్నీ తెగిపోనాక?” అన్నాడు. బావ చిన్న పుస్తకం మూసేశాడు. అప్పట్నుంచీ బావ గొంతు సవరించుకుంటే చాలు, మా అమ్మ వంటింట్లోంచి, “పదకొండు ఎగిరింది” అంటుంది.

కవిటి దగ్గర మా చిన్నమ్మకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇది వార్త కాదు. అక్కడ మనుషులు ఒకరినొకరు పలకరించుకునేది క్రియాటినిన్ అంకెతోనే. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక చూపించుకోవడం కాస్త దగ్గరైంది గానీ మాత్రల గొడవ తీరలేదు. చదువు లేదు, రంగు చూసి వేసుకుంటుంది. కంపెనీ మారి రంగు మారితే అయోమయమే. ఈసారి బావ సంక్రాంతి పిండివంటలు వదిలేసి ఆమె దగ్గర కూర్చున్నాడు. గుడ్డసంచికి మూడు అరలు కుట్టించి, పొద్దుటి అర మీద సూర్యుడి బొమ్మ వేశాడు.

“మద్దినేల సూర్యుడుండడేటి బాబూ?” అంది చిన్నమ్మ.

చెరిపాడు. కోడిపుంజు వేశాడు. “కూరొండుకుని ఏసుకోవాలేటి?” అంది. మళ్లీ చెరిపాడు. విసుక్కోలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. బొమ్మలు నువ్వే చెప్పమన్నాడు. ఆమె చెప్పింది: పొద్దున్న టీ గ్లాసు, మధ్యాహ్నం అన్నం కంచం, రాత్రి దోమతెర. ఆ సంచి ఇప్పటికీ ఆమె మంచం కోడుకి వేలాడుతోంది, మాత్ర తప్పడం లేదు. చుట్టుపక్కలవాళ్లు కూడా వచ్చి కుట్టించుకున్నారు. నాకు తెలిసి ఆయన చదువు ఊరికి పనికొచ్చింది అక్కడే.

దానిమీద ఆయన ఇంగ్లీషులో ఒక పరిశోధన వ్యాసం రాశాడు. గర్వంగా నాకూ పంపాడు. మొదటి వాక్యం ఒక పేజీలో మొదలై ఆ పేజీలోనే ముగిసిందని దేవుడికి దండం పెట్టాను. చిన్నమ్మ ఎక్కడుందో, సంచి ఎక్కడుందో ఎంత వెతికినా కనపడలేదు. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

“బావా, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.”

“నువ్వు సరిగ్గా చదివుండవు” అన్నాడు.