తొమ్మిది వాట్ల ముద్దాయి

"ఎల్ఈడీలన్నీ ఉత్త ప్రచారమండీ. ఇల్లంతా మార్పించాను, బిల్లు పైసా తగ్గలేదు!" మా కాలనీలో ఈ మాట అనని గృహస్థు లేడు. ఆయన చెప్పేది నిజమే, బిల్లు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియాలంటే మాత్రం ఒకసారి తల పైకెత్తాలి.

ఒకప్పుడు ఆ హాల్లో ఉన్నది ఒక్క ట్యూబులైటు. పాతకాలపు చోకుతో కలిపి 50 వాట్ల పైచిలుకు. రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు పది యూనిట్లు దాటేది కాదు. పొదుపు చేద్దామని దాన్ని పీకించి, ఫాల్స్ సీలింగ్ కొట్టించి, 12 వాట్ల లైట్లు 16 బిగించారు. అంచుల వెంట స్ట్రిప్ లైటు, దేవుడి గూటికొకటి, టీవీ వెనక నీలం రంగుది ఇంకొకటి. ఆ పదహారింటికే నెలకు 35 యూనిట్లు. సోఫాలో కూర్చుంటే నగల దుకాణంలో అమ్మకానికి పెట్టినట్టుంటుంది. ఏ స్విచ్ దేనిదో ఇంటాయనకే తెలియదు కనుక వచ్చినవాళ్లకు అన్నీ నొక్కి చూపిస్తాడు. ఆర్పడు. "ఎల్ఈడీయే కదా, ఏం కాలుతుంది?"

ఆ బల్బు ఏ పాపం చేసిందని? 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగు 9 వాట్లకే ఇస్తోంది. రోజుకు ఐదు గంటలు వెలిగే చోట నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుస్తుంది. యూనిట్ ఐదు రూపాయలనుకుంటే, వంద పెట్టి కొన్నది మూడు నెలల్లోపే తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది. పండక్కోసారి తలుపు తీసే స్టోర్‌రూములో పెడితే మాత్రం ఆ లెక్క మనవలు తేల్చాలి.

అసలు మనకు వాట్ల లెక్క ఎప్పుడు పట్టింది గనక! జీరో బల్బు అంటూ రాత్రంతా వెలిగించిన ఆ బుల్లి బల్బు పది పదిహేను వాట్లు లాగేది. పాత మీటర్లు ఆ కాస్తకు కదిలేవి కావు కాబట్టి సున్నా అనేసుకున్నాం.

గీజరు ఊసు ఎవరూ ఎత్తరు. 2000 వాట్లది అరగంట కాలితే ఒక యూనిట్. అదే యూనిట్‌తో మన ముద్దాయి 111 గంటలు వెలుగుతాడు. ఏసీ సంగతి అసలే అడక్కూడదు, అది పిల్లల చదువు కోసం.

ఇక పాతిక వేల గంటలని పెట్టె మీద చదివి, బిల్లూ వారంటీ లేకుండా తెచ్చిన బల్బు ఆరు నెలలకే మిణుకుమంటే, టెక్నాలజీయే మోసమంటారు. చాలాసార్లు పోయేది వెలిగే చిప్పు కాదు, వెనకున్న డ్రైవరు. గాలాడని గాజు డోములో బిగిస్తే అది ఉడికిపోతుంది.

మొన్న మా గృహస్థు మీటరు జంపవుతోందని ఫిర్యాదు పెట్టి, ఫీజు కట్టి మరీ టెస్టు చేయించాడు. మీటరు సవ్యంగానే ఉందట. ఇప్పుడాయన అనుమానం పక్కింటివాళ్ల మీద.