డిలీట్ కొట్టేశాం సార్!

మన సర్కారీ ఆఫీసుల్లో ఏ వస్తువూ పాడైపోదు, ‘కండెమ్’ అవుతుంది. పాడవడానికి వస్తువు ఒక్కటీ చాలు. కండెమ్ కావాలంటే కమిటీ వేయాలి, రిజిస్టరు తెరవాలి, సంతకాలు పడాలి, చివరికి వేలం పెట్టాలి. వేలం పాడుకున్న తుక్కు వ్యాపారి ఆటో ట్రాలీ తెచ్చుకుని పాత సీపీయూలన్నీ ఎక్కించుకుపోతాడు. ఒక్కో దాని నుదుట తెల్ల పెయింటుతో శాఖ పేరు, నంబరు. పక్కనే ఎప్పటి దసరాకో పెట్టిన కుంకుమ బొట్టు. మరి లోపల? లోపల మనమే. మన ఆధార్ నంబరు, ఆదాయ ధ్రువపత్రం, పింఛను దరఖాస్తు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ స్కానింగు. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసు చుట్టూ మనం తిరిగాం, ఇక మన వివరాలు ఊరంతా తిరుగుతాయి.

‘డేటా సంగతేమిటండీ?’ అని ఏ కుర్ర ఉద్యోగైనా నోరు జారితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘డిలీట్ కొట్టేశాం సార్! రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాం.’

డిలీట్ కొడితే కంప్యూటరు చేసేదల్లా ఆ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పద్దు కొట్టేయడమే. ఫైలు ఉన్నచోటే ఉంటుంది. దాని మీద ఇంకోటి వచ్చి పడేదాకా అక్కడే కాపురం. క్విక్ ఫార్మాట్ కూడా ఆ తానులో ముక్కే. గుమ్మం మీది నేమ్ ప్లేటు పీకేసి, ఇల్లు ఖాళీ చేశామని చెప్పుకోవడం ఇది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ తలుపు తోసి చూస్తే అందరూ హాలులోనే కూర్చుని ఉంటారు.

ఇదేదో మన వెనకబాటుతనమని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులిద్దరు 2000–2002 మధ్య 158 పాత హార్డ్ డిస్కులు కొని చూశారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి పన్నెండంటే పన్నెండే. ఒకటైతే ఏటీఎం యంత్రంలోంచి ఊడబెరికింది, లావాదేవీలతో సహా అంగడికొచ్చింది. పోనీ, అది పాతికేళ్ళనాటి ముచ్చట అందామా? మోర్గాన్ స్టాన్లీ అంతటి ఆర్థిక సంస్థ 2016లో డేటా సెంటర్లు మూసేస్తూ, ఆ సామగ్రి వదిలించే పనిని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. డేటా ధ్వంసంలో ఆ కంపెనీకున్న అనుభవం సున్నా. డిస్కులు చేతులు మారి మారి ఆన్‌లైన్ వేలంలో తేలాయి. లోపలి సమాచారం చెక్కుచెదరలేదు. ఒకాయన అవి కొనుక్కుని, ‘అయ్యా, మీ వాళ్ళ వివరాలు నా దగ్గరున్నాయి’ అని తనే కబురు పెట్టాల్సి వచ్చింది. కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారాన్ని కాపాడలేదంటూ 2022 సెప్టెంబరులో అక్కడి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన కండెమ్ కమిటీ సభ్యులు ఈ వార్త చదివితే రొమ్ము విరుచుకోవచ్చు. మనం ఆ స్థాయికి ఒక్క పైసా జరిమానా లేకుండా చేరుకున్నాం.

అలాగని మనవాళ్ళకు ధ్వంసం చేయడం చేతకాదనుకుంటే పొరపాటు. అవసరం పడాలంతే. 2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలొచ్చాయి. మర్నాటి రాత్రి నిఘా విభాగంలో హార్డ్ డిస్కుల్ని కట్టర్లతో కోసి, ముక్కల్ని మూసీలో కలిపారన్నది పోలీసులు పెట్టిన కేసు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆరోపణే నిజమైతే మాత్రం, కమిటీ లేకుండా, టెండరు లేకుండా, ఒక్క రాత్రిలో పూర్తయిన సర్కారీ పని అదొక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరేట్‌లో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్ళు బూడిదయ్యాయి. ఆ మంట ఎలా పుట్టిందన్నదీ దర్యాప్తుల పాలే. ఉంచాల్సినవి బూడిదో, నీటిపాలో అవుతాయి. పోవాల్సినవి మాత్రం కిలోల లెక్కన దర్జాగా అమ్ముడుపోతాయి. మన రికార్డుల నిర్వహణంతా ఈ రెండు ముక్కల్లో వచ్చేస్తుంది.

చట్టాలు లేవా అంటే, ఒకటి కాదు రెండున్నాయి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు పర్యావరణ శాఖవి. డిస్కులో లోహమెంత, తిరిగి రాబట్టిందెంత అని చూస్తాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఐటీ శాఖది. పని తీరాక డేటా తుడిచేయమంటుంది, భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. ఒక శాఖకు డిస్కంటే బరువు, ఇంకో శాఖకు డిస్కంటే సమాచారం. ఈ ఇద్దరూ మాట్లాడుకునేలోపు పాత సామాన్ల బండివాడు తూకం వేసి డబ్బులిచ్చి వెళ్ళిపోతాడు.

ఇక గృహ వైద్యులున్నారు. ఒకరు డిస్కుని బకెట్ నీళ్ళలో నానబెడతారు. ఒకరు ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి రుద్దుతారు. ఆ డిస్కు విప్పితే లోపల పళ్ళేల పక్కనే, వేలు ఇరుక్కుంటే కెవ్వుమనిపించే నియోడిమియం అయస్కాంతాలుంటాయి. ఏళ్ళ తరబడి వాటితో కాపురం చేసిన డేటా, ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ మామిడిపండుకి బెదురుతుందా? మరో వర్గం పరమ నిష్ఠాపరులది. 35 సార్లు తుడవందే నిద్రపోరు. 1996లో ఆ లెక్క రాసిన పీటర్ గట్‌మన్ గారే, ఇప్పటి డిస్కులకు అదంతా అనవసరమని తర్వాత చెప్పారు. ఈ కాలపు హార్డ్ డిస్కుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి ఆ మంత్రం పారదు. అది రాతల్ని తనకిష్టమైన గదుల్లోకి మారుస్తూ ఉంటుంది కాబట్టి కొన్ని మూలలు తుడుపుకి అందవు. దానికి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. మొదటి రోజు నుంచీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, చివర్లో తాళంచెవి చెరిపేస్తే ఇంకా మేలు.

పనిచేసే డిస్కుని సుత్తితో బాదడం కూడా ఘనకార్యమేమీ కాదు. శుభ్రంగా తుడిస్తే అది ఇంకెవరికో పనికొస్తుంది. చచ్చిన డిస్కుని మాత్రం నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి, ష్రెడర్‌లో వేయించాలి. అల్యూమినియం కరిగించి మళ్ళీ వాడతారు, సర్క్యూట్ బోర్డులోని రాగి, బంగారం రాబడతారు. అదే డిస్కు గల్లీ తుక్కు దుకాణం మీదుగా సీలంపూర్, మొరాదాబాద్ లాంటి చోట్లకు చేరితే, బోర్డుల్ని కాల్చి యాసిడ్‌లో ముంచే కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతుంది దాని విషం. మన గుట్టు రట్టు, వాళ్ళ ఒళ్ళు గుల్ల.

కాబట్టి చదువరులకు రెండు మనవులు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అమ్మేముందు విండోస్ రీసెట్‌లో ‘క్లీన్ డేటా’ ఎంచుకుని, అది పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి. డిస్కు రీసైక్లర్‌కి ఇస్తే సీరియల్ నంబరు వేసిన ధ్వంస ధ్రువపత్రం అడిగి తీసుకోండి. రెండోది, మీ ఊరి ఆఫీసులో ఈసారి కంప్యూటర్ల వేలం ప్రకటన కనిపిస్తే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి: ఎన్ని డిస్కులు, ఏ సీరియల్ నంబర్లు, దేనితో తుడిచారు, ఎవరు సంతకం చేశారు? రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 250 కోట్ల జరిమానా ఎప్పుడు పడుతుందో గానీ, ఆ పది రూపాయల ప్రశ్న వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.