కుక్కరు కేకు పద్యం: టీకా తాత్పర్య విశేషాల సహితం

మూలం

ఆ.వె.
కుక్కరందు నుప్పు గుప్పించి పరచియు
విజిలు తీసి రింగు విడిచిపెట్టి
పిండి కలుపునపుడు బిడ్డల పిలువవే
పొయ్యి చెంతకెపుడు పోకుడనవె

అవతారిక

ఈ పద్యకర్త్రి మా అత్తమ్మ. జగిత్యాల జిల్లా సారంగాపూర్ వాస్తవ్యురాలు. తెలుగు టీచరుగా రిటైరైన మనిషి. బిడ్డ పెండ్లయి పోయిన ఏడాది డిసెంబర్ల "అమ్మా, కుక్కర్ల కేకు ఎట్ల చేస్తవే?" అని ఫోన్ చేస్తే, ఉత్తగ చెప్తే మరిచిపోతదని ఆటవెలదిలో చెప్పింది. ఆ బిడ్డే నా భార్య. అప్పటి నుంచి ఆ పద్యం మా వంటింటి అల్మారా తలుపుకు లోపలివైపు అంటుకొని ఉంది. మూడో పాదం మీద నూనె మరక పడింది గాని పాఠం చెడలేదు.

అత్తమ్మ మాట మీద అల్లుడు విమర్శ రాయరాదు. రాస్తే పండుగకు పిలుపు రాదు. వ్యాఖ్యానం రాయవచ్చు, దానికి శాస్త్రసమ్మతి ఉంది. వ్యాఖ్యాతలలో మేటి మల్లినాథ సూరిది మన మెదక్ జిల్లా కొల్చారమే. అదే జిల్లాలో పోస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠించారు. టీకా, క్రిస్మస్ ఒకే జిల్లా నీళ్లు తాగినవని దీన్నిబట్టి తెలుసుకోవాలి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేను పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడే అయిపోతుంది.

మావంటి క్రైస్తవుల ఇంట్లో ఛందస్సేమిటని ఎవరైనా అడుగుతారేమో. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడకుండా మా గుళ్లో ఆరాధన ముగియదు. జాషువా పద్యం రాని తెలుగు మాస్టారు ఆంధ్రలోనూ లేడు, తెలంగాణలోనూ లేడు. కాబట్టి ఆ ప్రశ్న చెల్లదు.

ప్రతిపదార్థం

కుక్కర్ + అందున్ = కుక్కరులో (పప్పుకు పనికిరాదని పక్కకు పెట్టిన, పిడి ఊగే పాత కుక్కరులో అని భావం); ఉప్పు = దొడ్డుప్పును; గుప్పించి = గుప్పిళ్లతో పోసి; పరచియు = అడుగున వేలెడు మందం సమంగా సర్ది; విజిలు = మూత మీద కూసే బరువును; తీసి = పిల్లలు ఆడుకోకుండా అటక మీద దాచి; రింగు = మూత లోపలి రబ్బరు చుట్టును; విడిచిపెట్టి = ఊడదీసి; పిండి = మైదాను; కలుపు + అపుడు = కలిపే వేళ; బిడ్డల = సంతానాన్ని (దీని మీద వివాదం ఉంది, కింద చూడండి); పిలువవే = పిలువుము; పొయ్యి చెంతకు = గ్యాసు పొయ్యి దగ్గరికి; ఎపుడు = ఏ కాలమందైనను; పోకుడు = పోవద్దు; అనవె = అని చెప్పుము.

తాత్పర్యం

ఓ బిడ్డా! పాత కుక్కరులో దొడ్డుప్పు పరిచి, మూతకు విజిలు, రబ్బరు తీసేసి, పిండి కలిపేటప్పుడు పిల్లల్ని పిలువు. మంట దగ్గరికి మాత్రం రానియ్యకు.

విశేషాలు

మొదటి పాదంలో పాఠాంతరం ఉంది. మా వీధి చివరి ఇంటివాళ్లు "కుక్కరందు నుసికె గుప్పించి" అని చదువుతారు. ఉప్పు గలము, ఉసికె (ఇసుక) నగణము. రెండూ సూర్యగణాలే కనుక గణాలు రెంటినీ ఒప్పుకుంటాయి. కేకు కూడా ఒప్పుకుంటుంది. ఉప్పయినా ఉసికె అయినా చేసే పని ఒక్కటే. అడుగు వేడిని పీల్చుకొని, నిదానంగా, అన్ని వైపులా సమంగా తన మీద పెట్టిన పిండి గిన్నెకు అందిస్తుంది. ఉప్పు కరగాలంటే 800 డిగ్రీలు దాటాలి, మన గ్యాసు పొయ్యి మీద కుక్కరులో అది అయ్యే పని కాదు. అయినా అత్తమ్మ ఉప్పునే ఎందుకు ఎంచుకుంది? వాగు ఉసికెను కడిగి, జల్లించి, ఎండబెట్టాలి. ఉప్పు కిరాణం కొట్లో దొరుకుతుంది. పైగా పండుగకో చుట్టపు చూపుకో మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. వాడగా వాడగా అది గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని వేరే డబ్బాలో పోసి "కేకు ఉప్పు, కూరల వెయ్యద్దు" అని రాసి పెట్టింది. ఈ వాక్యం పద్యంలో లేదు, డబ్బా మీద ఉంది. దీన్ని అధ్యాహారం అంటారు.

రెండో పాదం మొత్తం కావ్యానికి ఆయువుపట్టు. కుక్కరుకు మూలపురుషుడు డెనిస్ పాపిన్ అనే ఫ్రాన్సు దేశస్థుడు. మావాడే, ప్రొటెస్టెంటు. 1679లో ఆవిరిని బిగించి ఎముకల్ని కూడా మెత్తబరిచే పాత్ర చేశాడు. ఆవిరి ఎక్కువై పాత్ర పేలిపోకుండా దానికి ఒక మీట అమర్చాడు. మన విజిలుకు అదే తాత. మూడు వందల ఏండ్ల పైచిలుకు శాస్త్రం ఆ విజిలును, దాని కింది రబ్బరును కాపాడుకుంటూ వస్తే, సారంగాపూర్‌లో ఒక టీచరమ్మ రెండూ తీసి పారేయమంటుంది. ఇది శాస్త్రధిక్కారమా? కాదు. లోపల నీళ్లున్నంతసేపు, ఎక్కువైన ఆవిరిని విజిలు వదిలేస్తుంది గనుక, కుక్కరులో వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పప్పుకు అది చాలు. కేకు పొంగి, పైన ఎర్రబడాలంటే 170, 180 కావాలి. అందుకే నీళ్లు లేవు. నీళ్లు లేకుండా రబ్బరు పెడితే రబ్బరు మాడి కేకుకు ఆ వాసన పడుతుంది. విజిలు పెడితే పిండిలోంచి వచ్చే తడి బయటికి పోయే దారి ఉండదు. రెండూ తీస్తే కుక్కరు కుక్కరు కాకుండా పోయి పొయ్యి మీద చిన్న బట్టీ అవుతుంది. పట్నంలో ఓవెన్ ఉన్నవాళ్లకు ఈ పాదంతో పని లేదు. పూర్వం సికింద్రాబాదులో పిండి కలిపి, గిన్నె నెత్తిన పెట్టుకొని బేకరీకి తీసుకుపోయి కాల్పించుకున్న కుటుంబాలకూ పని లేదు. బేకరీ, ఓవెన్ రెండూ లేని ఊరు గనుకే పద్యం పుట్టింది.

ఇక మూడో పాదం. వ్యాఖ్యాత కుర్చీ దగ్గరికి జరుపుకోవాల్సింది ఇక్కడే.

మొదట "బిడ్డల" సంగతి. మన దగ్గర బిడ్డ అంటే ఆడపిల్ల. మగపిల్లగాడు కొడుకు. మా చిన్నోడికి ఐదేండ్లు. ఈ వ్యాకరణం వాడికి ఎవరూ నేర్పలేదు, అయినా గిన్నెలు కడిగే వేళకు గుర్తొచ్చింది. "అమ్మమ్మ బిడ్డల్నే పిలుమన్నది, నన్ను కాదు" అని బయటికి ఉరికాడు. వాడి అక్క వదల్లేదు. ఫోన్ చేసి కవయిత్రినే అడిగింది. అటు నుంచి వచ్చిన తీర్పు: "బిడ్డలంటే అందరు. మీ నాయిన సుత." ఉపలక్షణం అంటే ఇదే. ఒకరి పేరు చెప్పి అందరినీ చుట్టుకోవడం. ఆ రోజు నుంచి ఈ వ్యాఖ్యాత కూడా మూడో పాదంలో చేరాడు. చక్కెర, యాలకులు మిక్సీ పట్టే పని నాది.

పూర్వపక్షం: పిల్లల్ని పిలిస్తే అరగంట పని పూట పని అవుతుంది. నేలంతా మైదా. పిండిలో గుడ్డు పెంకు. చక్కెరలో సగం నోట్లోకి. పైగా మైదా పడ్డాక ఎక్కువసేపు కలిపితే జిగురు సాగి కేకు రొట్టె లెక్క గట్టిపడుతుంది. పిల్లల చేతికి గరిటె ఇస్తే ఆపుతారా? కాబట్టి పిలువకపోవడమే యుక్తం.

సిద్ధాంతం: కాదు. "పిండి కలుపునపుడు" అంటే మైదా పోసిన క్షణం అని కాదు, ఆ పని మొదలైనప్పటి నుంచి అని అర్థం. ముందు గుడ్లు, పొడి చేసిన చక్కెర, నూనె వేసి నురుగు వచ్చేదాకా గిలకొట్టాలి. అది ఎంతసేపు కొడితే అంత మంచిది. ఆ పని పిల్లలది. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, ఒకరి తర్వాత ఒకరు అలిసిపోతారు. అప్పుడు మైదా పడుతుంది, అప్పుడు గరిటె అమ్మ చేతికి మారుతుంది. అలిసిన పిల్లలు అడ్డం చెప్పరు. టీచరు ఉద్యోగం చేసినావిడ తప్ప ఇంకెవరూ ఈ ఎత్తు వేయలేరు.

గుడ్డు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నోడు గుడ్డును రెండు చేతులతో పట్టుకొని స్టీలు గ్లాసు అంచుకు ముద్దు పెట్టినట్టు తాకిస్తాడు. ఏమీ కాదు. రెండోసారి వెంట్రుక వాసి గీత. మూడోసారి గుడ్డంతా అరచేతిలోకి, అరచేతిలోంచి మోచేతి దాకా. మిగిలింది గిన్నెలో పడుతుంది, దాంతోపాటు గోరంత పెంకు. వేలు పెట్టి తీయబోతే పెంకు తెల్లసొనలో జారి పారిపోతుంది. అక్క సగం చిప్ప తీసుకొని దాని అంచుతో ముక్కను లాగుతుంది. చిప్ప అంచు సొనను కోసుకుపోతుంది, వేలికి ఆ పని చేతకాదు. ఎనిమిదేండ్ల పిల్లకు ఇది అమ్మమ్మ నేర్పిన విద్య.

కొలతలు పద్యంలో లేవు. కొలతలు గ్లాసులో ఉంటాయి. మా ఇంటి గ్లాసుతో గ్లాసున్నర మైదా, గ్లాసు చక్కెర పొడి, మూడు గుడ్లు, అర గ్లాసు నూనె, అర గ్లాసు పాలు, చెంచాడు బేకింగ్ పౌడర్. పిల్లలు భిన్నాలు బడిలో నేర్చుకుంటారు గాని, గ్లాసున్నర అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. సండే స్కూల్లో ఏలీయా ప్రవక్త మాటతో తొట్టిలో పిండి తరగని సారెపతు విధవరాలి కథ విని వచ్చిన రోజు మా చిన్నోడు మైదా డబ్బా మూత తీసి చూసి, "మనది సుత అయిపోదా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే అయిపోయింది. వాడినే కిరాణానికి పంపించాం. ఏలీయా కాలం నాటి పిండికీ జగిత్యాల జిల్లా పిండికీ తేడా వాడికి డబ్బు చెల్లించేటప్పుడు బోధపడింది.

పద్యంలో గుడ్డు పేరెత్తలేదు. ఇది లోపమని కొందరంటారు. నేను ముందుచూపు అంటాను. 2023లో క్రిస్మస్ సోమవారం వచ్చింది. సోమవారం రాజన్న వారం. మా మండలంలో పెంబట్ల దుబ్బరాజన్న ఉన్నాడు, ఇటు సిరిసిల్ల వైపు వేములవాడ రాజన్న ఉన్నాడు. పక్కింటివాళ్లు ఆ రోజు గుడ్డు ముట్టరు. బతుకమ్మకు మలీద ముద్దలు, సంక్రాంతికి సకినాలు మనకు పంపిన ఇంటికి వట్టి పళ్లెం పంపలేం గదా. అందుకని ఇంకో గిన్నెలో గుడ్డు లేకుండా, పెరుగు, తినే సోడా వేసి కలిపాం. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది, కేకు లేస్తుంది. బేకింగ్ పౌడర్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి తన భార్యకు ఈస్టు, గుడ్లు పడవని దాన్ని తయారుచేశాడు. భార్య కోసం వంటింట్లోకి దిగిన ఆ మహానుభావుణ్ని నేను గౌరవిస్తాను. ఆయనకు పద్యం రాసే అత్తమ్మ ఉందో లేదో చరిత్ర చెప్పదు.

పద్యంలో ఎండుద్రాక్ష, ఖర్జూరం కూడా లేవు. అవి బామ్మర్ది దుబాయి నుంచి పంపిన పార్సిల్‌లో ఉంటాయి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇండ్లలో కేకు రుచి సగం గల్ఫ్ మీద ఆధారపడి ఉంటుంది. సగం ఖర్జూరం, సగం వీడియో కాల్. 1883లో తలస్సేరిలో మాంబల్లి బాపు చేసిన కేకుతో మన దేశంలో క్రిస్మస్ కేకు మొదలైందని చెప్తారు. అది నానబెట్టిన పండ్ల సంప్రదాయం. మా అత్తమ్మ శాఖ వేరు. ఇందులో యాలకులే ప్రమాణం.

నాలుగో పాదం మీద ఎక్కువ చెప్పనవసరం లేదు. అది ఆజ్ఞ. ఆజ్ఞకు వ్యాఖ్యానం ఉండదు. ఒక్క మాట: ఈ పాదం కేకుకే గాక గులాబీ పువ్వుల పిండివంటకూ వర్తిస్తుంది. అక్కడ కాగిన నూనెలో అచ్చును ముందు వేడి చేసి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పైదాకా ముంచితే పువ్వు అచ్చును వదలదు. ఆ పని దగ్గర పిల్లలకు చోటు లేదు. ఆ పూట వాళ్లకు గరిజెల అచ్చు ఇచ్చి గదిలో కూర్చోబెడతారు. కొబ్బరి, నువ్వులు, చక్కెర నింపి అచ్చు మూయడం, మూసి అంచులు పీకడం, పీకిన అంచు నోట్లో వేసుకోవడం. కేకు ఉడికిందో లేదో చూడడానికి కడిగిన చీపురుపుల్ల గుచ్చే హక్కు పెద్దదానిది, కాకపోతే గ్యాసు కట్టేశాకే.

చివరగా ఒక సందేహం. నాలుగు పాదాలలో ఎక్కడా "కేకు" అన్న మాట లేదు. ఉప్పుంది, విజిలుంది, రింగుంది, పొయ్యి ఉంది, బిడ్డలున్నారు. కేకు లేదు. గణం కుదరకనా? కేకు సూర్యగణమే, ఎక్కడైనా ఇమిడేది. దీనిమీద కవయిత్రిని అడిగాను. "కేకు అదే అయితది లేవయ్యా, పొల్లగాండ్లు చెయ్యి కాల్చుకోకుంట చూస్కో" అంది. వ్యాఖ్యాతలు వందసార్లు తవ్వినా దొరకని కవిహృదయం ఫోన్‌లో దొరికింది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివినవారికి, విన్నవారికి, గిలకొట్టినవారికి కేకు ముక్క ప్రాప్తిస్తుంది. గిన్నెలు తోమినవారికి ఫలం చెప్పబడలేదు.

చదువరులకు మనవి: పప్పు వండే మంచి కుక్కరును దీనికి వాడకండి, నీళ్లు లేని వేడికి అది చెడిపోతుంది. పాతది ఒకటి వేరుగా పెట్టుకోండి. మంట సన్నగా పెట్టి, ముప్పావు గంట దాకా మూత తీయకండి, పిల్లలు ఎంత అడిగినా సరే.