మైక్రోకాథెటర్ కథ

మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా గడ్డకు నెత్తురు చాలావరకు బయటి కెరోటిడ్ ధమని కొమ్మల నుంచే, ముఖ్యంగా మధ్య మెనింజియల్ ధమని నుంచే అందుతుంది. ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గాలని కొందరికి ముందుగానే ఆ దారి మూసేస్తారు. దీన్నే ఎంబోలైజేషన్ అంటారు. ఆ మూసే మందును గడ్డ దాకా మోసేది మైక్రోకాథెటర్; ఈ కథ దానిదే. పొడవు సుమారు 150 సెంటీమీటర్లు. కొస మిల్లీమీటరు మందం కూడా ఉండదు. గజ్జల్లోని సూదిరంధ్రం నుంచి గుండె మీదుగా వచ్చే పెద్ద ధమని వెంట మెడ దాటి పుర్రె లోపలికి చేరడం దాని గొప్ప.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు రోగులు ఇలాంటి వైద్యానికి ఎక్కువగా హైదరాబాదుకో విజయవాడకో పోతారు. వెంట వచ్చినవాళ్లు అడిగేది కుట్లెన్ని, ఖర్చెంత అనే. ఒప్పుకోలు కాగితం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. మైక్రోకాథెటర్‌కు ఉన్న పెద్ద కినుక ఇదే, ఎందుకంటే అది చేయగల చెరుపంతా ఆ కాగితంలోనే ఉంటుంది.

బయటి కెరోటిడ్ కొమ్మలకూ మెదడు, కంటి ధమనులకూ మధ్య సన్నని దొడ్డిదారులుంటాయి. మూసే మందుగా వాడే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) రేణువు ఒక్కటి వాటిలోకి జారినా పక్షవాతం రావచ్చు, ఆ వైపు చూపు పోవచ్చు. మధ్య మెనింజియల్ ధమని నుంచి చీలే ఒక చిన్న కొమ్మ ముఖనాడికి ఆహారం. అది మూసుకుపోతే మూతి వంకరపోతుంది. రేణువు ఎంత చిన్నదైతే గడ్డలోకి అంత లోతుగా దిగుతుంది, ప్రమాదమూ అంత పెరుగుతుంది. గడ్డ చచ్చి వాచిపోవడం, లోపలే నెత్తురు చిమ్మడం మరో ముప్పు. అప్పుడు నిర్ణయించిన రోజు దాకా ఆగకుండా పుర్రె తెరవాల్సి రావచ్చు. ఓనిక్స్ లాంటి ద్రవం ఎక్కిస్తుండగా నాడి హఠాత్తుగా మందగించడం కూడా ఉంది. మత్తు డాక్టరు మానిటర్ మీద నుంచి కన్ను తీయనిది అందుకే.

ఎక్స్‌రే తెరమీద మందు ముందుకు పోక కొస దాటి వెనక్కి మళ్లితే, ఆపమని అర్థం. ఇంకొంచెం ఎక్కిస్తే గడ్డ పూర్తిగా ఎండుతుందన్న ఆశే చాలాసార్లు కొంప ముంచేది. గొట్టం మాత్రం తోసినంతా మోస్తుంది.

459 మంది రోగుల వివరాలు కలిపి చూసిన ఒక సమీక్షలో 4.6 శాతం మందికి ఇలాంటి చిక్కులు వచ్చాయి. ఈ మూసివేత అందరికీ అవసరమా అన్నదానిపై నిపుణుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

పని అయ్యాక ఈ గొట్టానికి విలువ లేదు. ఒక్క రోగికే వాడాలని ప్యాకెట్టు మీద రాసి ఉన్నా, కడిగి మళ్లీ వాడే చోట్లు ఉండటం దానికి ఇంకో అవమానం. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ఎర్ర సంచిలో పడాలి, క్రిమిరహితం చేశాక తునకలు కావాలి. కొస గట్టిపడిన మందులో ఇరుక్కున్న గొట్టం మాత్రం ఆ సంచికి పూర్తిగా చేరదు. లాగినప్పుడు తెగితే ఆ ముక్క రోగి ధమనిలోనే ఉండిపోవచ్చు. అలా జరిగితే ఆ సంగతి డిశ్చార్జి కాగితంలో తప్పక రాయించుకోవాలి.