ఉపకారం, ఊరగాయ, నా బీపీ

రిటైరైన రెండో ఏడు నా బీపీ 150 దాటింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఊరగాయ మానమన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు. ఈ మూడూ చేయకుండా బయటపడే దారి వెతుక్కుంటుంటే ఒక వ్యాసం కంటబడింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బీపీ ఉన్న పెద్దవాళ్ళకు వారానికి 40 డాలర్ల చొప్పున మూడు వారాలు డబ్బిచ్చారట. సగం మందిని తమకోసం ఖర్చు పెట్టుకోమన్నారు, మిగతావాళ్ళను ఇంకొకరి కోసం పెట్టమన్నారు. ఇంకొకరి కోసం పెట్టినవాళ్ళకు బీపీ తగ్గిందట. 2016లో అచ్చయిన సంగతి.

ముప్పై ఐదేళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. ఒక్క ప్రయోగంతో ఏదీ తేలిపోదని ఎంతమంది పిల్లలకు చెప్పానో! ఆ మాట నాకే గుర్తు రాలేదు. 40 డాలర్లంటే మన లెక్కలో వేలల్లో పడుతుంది కాబట్టి, నా పెన్షనుకు తగ్గట్టు 500 రూపాయలకు కుదించాను. చేతికి చుట్టుకునే బీపీ మిషనొకటి కొని సంచిలో వేసుకున్నాను. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీశాను: తేదీ, ఉపకారం, ఖర్చు, బీపీ.

"సాయం చేసేదానికి మిషనెందుకండీ?" అంది మా ఆవిడ.

"ఎంత లాభమో తెలియొద్దా?"

మదనపల్లెవాణ్ణి కదా, చరిత్రను కూడా సాక్ష్యానికి పిలిచాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మా బీటీ కాలేజీకి వస్తే, దాన్ని నడిపిస్తున్న కజిన్స్ దంపతులు ఆదరించారు. ఇక్కడున్న ఆ కొద్ది రోజుల్లోనే ఆయన జనగణమనను ఇంగ్లీషులోకి మార్చి రాశాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టింది. అతిథికి ఇంత చోటిచ్చినందుకు జాతీయగీతం కథలో మా ఊరి పేరు నిలిచిపోయింది. "ఇది లాభం కాదా?" అన్నాను.

"మంచం వేసిచ్చి, వాళ్ళ నాడి వాళ్ళు చూసుకుంటా కూచున్నారా?" అంది. ఆ మాట అప్పుడే చెవినబెట్టి ఉంటే ఇదంతా రాసుకునే పని ఉండేది కాదు.

మొదటి వారం టమోటా మార్కెట్ యార్డుకు పోయాను. 2023 జూలై చివర్లో మొదటి రకం కిలో 200 దగ్గరికి పోయిన యార్డు ఇదే. నేను పోయిన రోజు మాత్రం వేలంలో పలికిన ధర బాడుగకు కూడా చాలేట్టు లేదు. ఒక రైతు క్రేటు మీద కూచుని ఉన్నాడు, చేతిలో టీ చల్లారిపోతోంది. రెండు క్రేట్లు నేనే కొంటానన్నాను, వేలం ధరకు రెట్టింపు ఇచ్చాను. ఇచ్చి, అక్కడే పక్క క్రేటు మీద కూచుని, చొక్కా చెయ్యి పైకి మడిచి మిషను చుట్టుకున్నాను. అది గుర్రుమంటూ బిగిసింది. రైతు డబ్బు లెక్కపెట్టడం ఆపి నన్నే చూశాడు.

"ఏం సార్, డబ్బులు ఇచ్చినాక గుండె పట్టేసిందా?"

158 చూపించింది. నడిచొచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు నష్టం ఇంటికొచ్చాక మొదలైంది. రెండు క్రేట్ల టమోటా ఇద్దరు మనుషులు ఏం చేసుకుంటారు? మా ఆవిడ రెండు రోజులు తరిగి, ఎండబెట్టి, జాడీ నిండా ఊరగాయ పెట్టింది. ఊరగాయకు ఎంత ఉప్పు పడుతుందో పెట్టినవాళ్ళకు తెలుసు. ఆ వారమంతా వేడన్నంలో కలుపుకుని తిన్నాను, రైతును ఆదుకున్నానన్న తృప్తి కొద్దీ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను. రీడింగు 164.

రెండో వారం పుంగనూరులో మా పిన్నమ్మ ఇంటికి. ఆమె దగ్గర పుంగనూరు ఆవొకటి ఉంది, నిలబడితే మూడడుగులు. కరువు నేలలో ఎండుగడ్డి మీద నెట్టుకొచ్చే జాతి అది. నా కంటికి బక్కగా కనబడింది. పిన్నమ్మ గుడికి పోయిన సమయం చూసి, నా ఖర్చుతో తెచ్చిన బియ్యం ఒక బేసిన్ నిండా పెట్టాను. సాయంత్రానికి దాని పొట్ట డోలులా ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చాడు, మందు పోశాడు, నన్ను తిట్టాడు. అతని ఫీజు కూడా నేనే ఇచ్చి 'ఉపకారం' గడిలోనే రాసుకున్నాను. సిగ్గులేనితనానికి కూడా ఒక నోటుబుక్కు ఉంటుందని అప్పుడు తెలియలేదు.

ఆ రాత్రి మా ఆవిడ ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి సంగతి ఎత్తింది. క్షయకు సరైన మందే లేని రోజుల్లో, దగ్గితే అంటుకునే జబ్బని తెలిసీ, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ అక్కడ ఏళ్ళ తరబడి రోగుల మధ్యే ఉన్నాడు. "ఆయన పుస్తకంలో లాభం గడి ఉండిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కెనడావాళ్ళది అబద్ధమని నేను ఇప్పటికీ అనను. అక్కడివాళ్ళు ఖర్చు పెట్టారు, నేను పెట్టుబడి పెట్టాను.

మూడో వారం కుప్పంలో పెళ్ళి. స్టేషన్లో ఒక అవ్వ, పక్కన మల్లెపూల బుట్ట, ఎదురుగా కదలబోతున్న బెంగళూరు రైలు. ఆలోచిస్తే ఉపకారం జారిపోతుందని బుట్టెత్తి పెట్టెలో పెట్టేశాను. అవ్వ చేతులూపుతూ ఏదో అరిచింది. దీవెన అనుకున్నాను. రైలు కదిలాక అర్థమైంది.

"అయ్యో సామీ, ఇప్పుడే కదా దించుకునింది!"

జోలార్‌పేటలో కూతురి ఇంటి నుంచి అప్పుడే దిగిందట. స్టేషనువాళ్ళు బంగారుపేటకు ఫోను చేశారు. అటునుంచి వచ్చే రైల్లో బుట్ట పంపిస్తామన్నారు. దాదాపు నాలుగు గంటలు ఇద్దరం ఒకే బెంచీ మీద. మధ్యాహ్నమైతే అవ్వ మూట విప్పి, సంగటి ముద్ద రెండుగా తుంచి, ఊరుబిండి అద్ది ఒక సగం నా చేతిలో పెట్టింది. తిట్టలేదు. "సంచిలో అదేందబ్బా?" అంది. చెప్పాను. "నాకూ చూడు." చూశాను. పక్కనున్న టీ అబ్బాయి చెయ్యి చాపాడు, తర్వాత పూలమ్మే ఆమె, తర్వాత ఒక ఆటో డ్రైవరు. అతనికి 180 ఉంది. నవ్వుతూ లేచిపోబోతుంటే అవ్వ చొక్కా పట్టుకుని, "నవ్వేది చాలు, ఆసుపత్రికి పో" అని తరిమింది. మొత్తం పదకొండు మందికి చూశాను.

బుట్ట వచ్చేసరికి పూలు సగం వాడిపోయాయి. 400 ఇస్తే అవ్వ మొహమాటపడలేదు, లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీస్తే ఆ రోజు నా గడి ఖాళీగా ఉంది. మిషన్లో బ్యాటరీలూ అయిపోయాయి. మర్నాడు కొత్తవి వేసి చూసుకుంటే 152. ఇక మా ఆవిడ మాట కాదనలేక మిగిలిన అర జాడీ ఊరగాయ పక్కింటికి ఇచ్చేశాం. పక్కింటాయనకూ బీపీ ఉందని తర్వాత తెలిసింది.