స్కానర్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "సార్, స్కానర్‌లో పీ0720 వచ్చింది, కాబట్టి గేర్‌బాక్స్ పోయింది, మొత్తం మార్చాల్సిందే."

అవతారిక: ఆటోమేటిక్ కారు ఒకే గేరులో బిగుసుకుపోయి, స్పీడోమీటరు ముల్లు సున్నా దగ్గర కూలబడగా, ట్యాబు చేతబట్టిన సర్వీస్ అడ్వైజరు ఓనరునుద్దేశించి పలికినదిది.

ప్రతిపదార్థం: సార్ = ఓ జేబుగలవాడా; పోయింది = విప్పి చూడకుండానే పోయింది; తక్కినవి సుగమములు.

విశేషం: ఇందులో ప్రాణమంతా 'కాబట్టి'లో ఉంది. ఇది అనుమాన ప్రమాణం, అంటే ఒకటి చూసి మరొకటి ఉందని తేల్చడం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే గనుక కాస్త ఆగుదాం. పొగ కనబడితే నిప్పుందనవచ్చు. నిప్పుంది కాబట్టి పొగ ఉందంటే నైయాయికులు ఒప్పరు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగేదీ? పచ్చికట్టె తగిలితేనే పొగ. ఆ పచ్చికట్టెకు 'ఉపాధి' అని పేరు. సాధ్యం (తేల్చవలసినది, ఈ ఉదాహరణలో పొగ) ఉన్న చోటల్లా ఉండి, హేతువు (చూపిన ఆధారం, ఈ ఉదాహరణలో నిప్పు) ఉన్న చోటల్లా ఉండనిది ఉపాధి. ఎంత ముచ్చటైన లక్షణం! గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో దీనికి ఒక ప్రకరణమే కేటాయించాడు. ఉపాధి శంకను తీర్చడానికి తర్కం, ఆ తర్కం మీద మళ్లీ శంక...

కారు లిఫ్టు మీదే ఉంది, మరిచాం.

ఇక్కడ కోడు హేతువు, గేర్‌బాక్స్ చావు సాధ్యం. ఎలుక కొరికిన వైరే ఆ ఇనుపగుండు: కోడు వస్తుంది, గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంటుంది. అసలు పీ0720 చెప్పేది అవుట్‌పుట్ షాఫ్ట్ స్పీడ్ సెన్సారు సర్క్యూట్‌లో లోపముందని. అంతే! షాఫ్టుతో తిరిగే పళ్లచక్రంలో ఒక్కో పన్ను ఎదుటికి వచ్చినప్పుడల్లా సెన్సారు ఒక పల్స్ పంపుతుంది. కంప్యూటరు వాటిని లెక్కపెట్టి గేరు మారుస్తుంది. లెక్క అందకపోతే భయపడి ఒకే గేరులో నిలిపేస్తుంది. సెన్సారు ధర వేలల్లో, గేర్‌బాక్స్ ధర లక్షల్లో. మూలంలో లేనిది రాయనని కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మాటిచ్చాడు. ఎస్టిమేటు రాసేవాళ్లు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

ప్రయోగం: చాలా కార్లలో ఈ సెన్సారు గేర్‌బాక్స్ కేసింగు బయట ఒకే బోల్టుతో ఉంటుంది, కొన్నింటిలో లోపల వాల్వ్‌బాడీ మీద ఉంటుంది, అది పెద్ద పని. ముందు కనెక్టరు ఊడదీసి నీరు, పచ్చ చిలుము ఉన్నాయేమో చూడాలి. బయటికి తీసిన సెన్సారు ముక్కుకు బూడిదరంగు ఇనుప రజను అంటుకుని ఉంటుంది. పలచగా ఉంటే మామూలే. లోహపు తునకలు కనిపిస్తే మాత్రం అడ్వైజరు మాట కొంత వినాలి. కొత్తదాని ఓ-రింగుకు గేర్‌బాక్స్ ఆయిలే రాసి, చేత్తో నెట్టి కూర్చోబెట్టి, బోల్టు మితంగా బిగించాలి. బలం చూపిస్తే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. పిమ్మట కోడు చెరిపి, రోడ్డు మీద నడిపి చూడాలి.

తాత్పర్యం: కనెక్టరు, వైరు, సెన్సారు, ఆ తర్వాతే గేర్‌బాక్స్. సంతకం పెట్టమని ట్యాబు చాచినప్పుడు, "సర్క్యూట్‌కి మీటరు పెట్టిన రీడింగు చూపించండి" అని అడగండి. చూపించేదాకా పెన్ను తీయకండి.