గుండు

ఉగాదికి రాయలసీమ పల్లెల్లో గుండు ఎత్తే పందెం పాతది. కళ్యాణదుర్గం పక్కన ఒక ఊళ్లో ఆ గుండు ఆంజనేయస్వామి గుడి ముందుంటుంది. నున్నటి రాయి. రెండు సిమెంటు మూటల బరువు, అంటే 100 కిలోలు. మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి రొమ్ము మీదికి, ఆపైన భుజం మీదికి తెచ్చి వెనక్కి వెయ్యాలి. ఇనుప కడ్డీకి ఉన్నట్టు దీనికి పట్టు ఉండదు.

ఊరి పెద్దాయన కొడుకు అనంతపురం జిమ్ములో ఏడాదంతా సాధన చేశాడు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 130 కిలోలు తలపైకి లేపిన వీడియో అతని ఫోనులో ఉంది. చెవిలో పాట మోగనిదే బరువు ముట్టడు.

గుండు చుట్టూ సున్నంతో గీత గీశారు. గీత అవతల తప్పెట కొట్టేవాడు చెత్త మంటేసి తప్పెట కాచుకుంటున్నాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల. శెనక్కాయ ఎండినప్పుడల్లా జనం బెంగళూరు బస్సెక్కుతారు. అతనూ ఎక్కాడు. అక్కడ మేడలు కట్టేచోట సిమెంటు మోస్తాడు. పండగని ముందురోజే వచ్చాడు.

“నేనూ ఒకసారి పట్టి చూస్తా సామీ” అన్నాడు.

“నువ్వు పడితే తప్పెట ఎవరు కొడతార్రా?” అన్నారు పెద్దాయన.

కొడుకు చెవిలో పాట పెట్టుకుని వంగాడు. గుండు మోకాళ్ల దాకా వచ్చి జారింది. మళ్లీ పట్టాడు. మళ్లీ జారింది. పాట దాని దారిన అది పోతుంది, మనిషి ఊపిరి కోసం ఆగదు.

“తప్పెట కానీరా” అని కేకేశారు పెద్దాయన.

అతను కుర్రవాడి వీపు మీది నుంచి చూపు తిప్పలేదు. వంగుతున్నప్పుడు దెబ్బ నిదానం. వేళ్లు రాయి కిందికి పోయినప్పుడు ఒక్క క్షణం నిశ్శబ్దం. గుండు మోకాళ్ల మీద ఆగి, ఇక లేవదనిపించే చోట దెబ్బ రెండింతలైంది. రొమ్ము దగ్గర ఊపిరి అందేదాకా తగ్గింది. తర్వాత ఉరిమింది. సరిగ్గా ఏ చోట నడుము విరిగినట్టవుతుందో, ఎక్కడ ఆగితే చేతులు వదిలేస్తాయో అతనికెలా తెలుసని ఎవరికీ అనుమానం రాలేదు.

గుండు భుజం దాటి వెనక్కి పడింది. జనం ఈలలేశారు. పెద్దాయన కొడుక్కి వెండి కడియం తొడిగారు.

“తప్పెట లేకుంటే లేచేది కాదు నాయనా” అన్నాడు కొడుకు.

సాయంత్రం ఎద్దుల బండ్లు గుడి చుట్టూ తిరగాలి. గుండు పడినచోటే, దారికి అడ్డంగా ఉంది. కొడుకు అరుగు మీద కూర్చుని చేతులకు నూనె పట్టించుకుంటున్నాడు. పెద్దాయన అటూ ఇటూ చూశారు.

“రేయ్, గీత దాటి రా, ఏం కాదులే. ఆ గుండు తీసి చెట్టు కింద పెట్టు.”

అతను తప్పెట నేల మీద పెట్టాడు. వంగి గుండు పట్టి, ఒక్క ఊపున భుజాన వేసుకుని వేపచెట్టు దాకా నడిచి దించాడు. తిరిగొచ్చి తప్పెట తీసుకున్నాడు.

“బండ్లకు ఏం దరువు కొట్టమంటారు సామీ?”